తిట్ల చిన్నబ్బ

పొద్దున లేవగానే చిన్నబ్బ చేసే మొదటి పని చెప్పులు దులపడం. రాత్రి గడప పక్కన విడిచిన రబ్బరు చెప్పులు తెల్లారేసరికి పిండిమర మెట్ల మీద పెట్టినట్టు తెల్లబడి ఉంటాయి. వాటిని ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి గోడకేసి కొడతాడు. కొట్టీ కొట్టీ ఆ చోట గోడకు సున్నం ఊడిపోయింది. ఆ రోజూ అలవాటు కొద్దీ కొట్టి, కింద వేసి, కాళ్ళు దూర్చబోయి ఆగాడు. ఇవాళ వేషం కట్టాలి. వేషంలో ఉన్నవాడు చెప్పులు తొడగకూడదు. వాటిని గడప పక్కనే జంటగా సర్దిపెట్టి, లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

దేవకమ్మ గిన్నెలో కుంకుమ, నూనె కలిపి సిద్ధంగా ఉంచింది. ఒళ్ళంతా ఎర్రగా పూసి, ముఖాన కాటుక చుక్కలు పెడితే బండవేషం. తిరుపతి గంగమ్మ జాతరలో అది వేసినవాడు ఎవరిని ఎంత మాట అన్నా తప్పు లేదు. ఊళ్ళో ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడు అమ్మకు భయపడి ఎక్కడో దాక్కుంటే, అమ్మ రోజుకొక వేషం మార్చి వెతికిందనీ, బూతులు తిట్టి వాడికి రోషం తెప్పించి బయటికి లాగిందనీ కథ. అందుకని ఆ తిట్లు మనిషివి కావు, అమ్మవి. తిన్నవాడికి ఆ ఏడాదంతా మేలు జరుగుతుందంటారు. మిగతా రోజులన్నీ నోరు కుట్టుకుని బతికే జనానికి పెద్దలు ఎంత తెలివైన ఏర్పాటు చేశారో చూడండి.

చిన్నబ్బ మామూలు రోజుల్లో వాకిట్లో కోడిని కూడా గట్టిగా అదిలించడు. వేషం కడితే మాత్రం అతని గొంతు నాలుగు వీధులకు వినబడేది. ఒక మాట మళ్ళీ వాడకుండా గుడి నుంచి బజారు దాకా తిట్టుకుంటూ పోగలడని పేరు. తిట్ల చిన్నబ్బ అంటే అమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వైపు తెలియనివాళ్ళు లేరు. కావాలని ఎదురొచ్చి తిట్టించుకుని, నవ్వుకుంటూ దండం పెట్టి పోయేవాళ్ళు.

దేవకమ్మ వీపుకు పూసి ముందుకు వచ్చింది. డొక్కల సందుల్లో వేలితో కుంకుమ నింపాల్సి వచ్చింది. మెడ కింద రెండు గుంటల్లో చెరొక పసుపుకొమ్ము దాచవచ్చు. గోళ్ళ అంచుల్లో రాతిపిండి తెల్లగా కరుడు కట్టి ఉంది. అది ఏ సబ్బుకూ పోలేదు. ఒకప్పుడు గిన్నెడు కుంకుమ చాలక మళ్ళీ కలిపేది. ఈసారి సగం మిగిలిపోయింది. మిగిలిన గిన్నె వైపు ఆమె చూడలేదు.

కాటుక పెడుతూ పెడుతూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండుసార్లు పొడిగా దగ్గింది. తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు, అంతే.

చిన్నబ్బకు ఆ దగ్గు తెలుసు. అది తనదే. తనకూ మొదట్లో అలాగే వచ్చింది. రేణిగుంట దారి పక్క గుట్ట కింద ఉన్న క్రషర్‌లో కంకర తట్టలు మోసే రోజుల్లో, రాయి నలిగిన పొడి ముక్కులోకి పోతుంటే తువ్వాలు చుట్టుకుని నవ్వుకుంటూ పనిచేసిన రోజుల్లో. ఊపిరితిత్తుల్లో రాతిపిండి చేరిందనీ, దానికి మందు లేదనీ, దుమ్ముకు దూరంగా ఉండమనీ ఆసుపత్రిలో చెప్పారు. గొట్టంలో పెట్టి పీల్చే మందు ఒకటి ఇచ్చారు. దుమ్ముకు దూరంగా ఉండాలంటే ముందు ఇంటికి దూరంగా ఉండాలి. వాళ్ళ ఇల్లు క్రషర్ కంచెకు ఆనుకునే ఉంది.

"మిరపకాయల ఘాటులే," అంది దేవకమ్మ, అతను అడక్కుండానే.

ఇంట్లో ఆ పూట పొయ్యే వెలిగించలేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"ఐరాలలో మీ తమ్మునింటికి పోయి రవ్వన్ని దినాలు ఉండు మే. ఆడ సేను గాలి."

"సాటింపు అయినాక పొలిమేర దాటగూడదని తెలీదా నీకు. జాతర కానీ."

"జాతర అయినాకన్నా పోతావా?"

"నువ్వొస్తే పోతా," అని ఆమె అతని నుదుట చివరి చుక్క పెట్టింది.

చిన్నబ్బ మనసులో ఒక్కటే ఉంది. కంకర మోసే ఓపిక పోయాక ఎవరో దయతలచి అతన్ని ఒక కాంట్రాక్టరు దగ్గర చేర్చారు. ఊళ్ళో గాలి బాగుచేయడానికి వచ్చిన బండి మీద పని. నీళ్ళ ట్యాంకు వెనక ఫిరంగిలాంటి పెద్ద గొట్టం, అందులో ఫ్యాను. మీట నొక్కితే నీళ్ళు పొగమంచులా ఆకాశంలోకి లేచి, దుమ్మును పట్టుకుని కిందికి దిగుతాయి. జనం దానికి ఫిరంగి అనే పేరు పెట్టారు. ఒక చేతితో మీట, ఇంకో చేతితో గొట్టం తిప్పడం చిన్నబ్బ పని. రాయిని దుమ్ము చేసిన చేతులే ఆ దుమ్ము మీద నీళ్ళు చల్లుతున్నాయి. ఆ బండి ఒక్కసారి తన వీధికి రావాలి. వారానికి రెండు మార్లు వచ్చినా చాలు. దేవకమ్మ దగ్గు తన దగ్గు పోయిన దారిన పోకముందే రావాలి. ఆ మాట సూపర్‌వైజర్ మునికుమార్‌ను ఎన్నిసార్లు అడిగాడో లెక్క లేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు, "అది రూటులో లేదప్పా."

రూటు ఏమిటో చిన్నబ్బకు బాగా తెలుసు. గాలిని కొలిచే మిషను ఉన్న రోడ్డు, అంకెలు వెలిగే బోర్డు ఉన్న సర్కిలు, వాటి మధ్య కాస్త దూరం. పోయి రావడం, వచ్చి పోవడం.

గుడి దగ్గర ఆ ఉదయం అతను తిట్టలేకపోయాడు. వేపమండ పట్టుకుని, పలకల దరువుకు అడుగు వేస్తూ నోరు తెరిచాడు. మొదటి తిట్టు బాగానే వచ్చింది. రెండోది సగంలో ఆగింది. చుట్టూ చేరిన జనం కాసేపు ఎదురుచూసి, పక్కన కొత్తగా వేషం కట్టిన కుర్రవాడి వైపు జరిగారు. వాడు పాత తిట్లే తిట్టాడు కానీ గొంతు ఖంగుమంది. అమ్మ ముందు నిలబడి చిన్నబ్బ ఆయుష్షు అడగలేదు. ఇవాళొక్క రోజుకు ఊపిరి ఇయ్యి తల్లీ, ఒక మాట పూర్తిగా చెప్పుకోవాలి అని మొక్కాడు.

ఇంటికి పోయి స్నానం చేద్దామనుకుంటుండగానే డ్రైవర్ గిరిప్రసాద్ బండి తెచ్చి గుడి వీధి మొదట్లో ఆపాడు. పై నుంచి పెద్ద సారు వస్తున్నాడట. గాలి గురించి ప్రజల అభిప్రాయం తీసుకునేవాళ్ళు కూడా దిగారట. బండి తిరిగి తీరాలని మునికుమార్ ఫోను మీద ఫోను. కడుక్కోవడానికి కూడా టైము లేదు, వేషంతోనే ఎక్కమన్నాడు గిరిప్రసాద్. చిన్నబ్బకు ఒక్కసారిగా గుండె తేలికపడింది. పెద్ద సారు, అభిప్రాయాలు. అమ్మ ఎంత తొందరగా విన్నదో అనుకున్నాడు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, నడుముకు దోపుకున్న మందు గొట్టాన్ని గిరిప్రసాద్ సీటు పక్కన పెట్టించి, ఎర్రటి ఒంటితో బండి వెనక ఎక్కి నిలబడ్డాడు.

గాలి మీద ఊళ్ళో అభిప్రాయం ఏమిటో తెలియాలంటే వేరే మనుషులు దిగనక్కరలేదు, ఆ బండి వెనక ఒక పూట నిలబడితే చాలు. తాగడానికి నీళ్ళు రెండు రోజులకొకసారి వదులుతారు, గాలికి మాత్రం రోజూ తలంటు పోస్తున్నారని బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు అన్నారు. కొండ మీదికి కరెంటు బస్సులు పోతున్నాయి, పొగంతా కిందనున్న మనకే మిగిలిందని ఒక ఆటో అతను, తన ఆటో వెనక నల్లగా పొగ చిమ్ముతూనే అన్నాడు. ప్రభుత్వం ఏదో చేస్తోంది కదప్పా, చెయ్యకపోతే చెయ్యలేదంటారు, చేస్తే నవ్వుతారు అని ఇడ్లీ బండి ఆయన గవర్నమెంటు పక్షాన వాదించాడు. ఆయనకు ఆ తుంపర చల్లగా ఉంటుంది. సర్కిల్లో పూలమ్మే శకుంతలమ్మ మల్లెపూల గంప మీద గోనెపట్ట కప్పుకుంటూ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేలప్పా. దుమ్ము లేపేటోన్ని వదిలిపెట్టి దుమ్మును తడిపితే యేమొస్తాది," అంది. చిన్నబ్బ వైపు చూసి, "నిన్ను గాదులే అనేది," అని కూడా అంది. కానీ ఏడాదంతా అందరూ అనేది అతన్నే. ఎండలో కంటికి కనబడే ప్రభుత్వం అతనొక్కడే.

అందరి మాటల్లోనూ నిజం ఉంది. వినాల్సిన చెవి ఒక్కటీ అక్కడ లేదు.

బోర్డు ఉన్న సర్కిల్లో టోపీ పెట్టుకుని, చేతిలో పలకలాంటి ఫోనుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు జాహ్నవి. ఏదో ప్రైవేటు ఏజెన్సీ పంపిన పిల్ల. గాలి పోయినేటి కంటే మెరుగైందా, ప్రభుత్వ చర్యల మీద మీకు తృప్తిగా ఉందా అని దారిన పోయేవాళ్ళను అడుగుతోంది. ఆమె పక్కనే మునికుమార్ నిలబడి, ఎవరిని అడగాలో తనే చెయ్యి చూపిస్తున్నాడు. బిందెలవాళ్ళ వైపు చెయ్యి పోలేదు. ఆ తెల్లవారుజామునే రైలు దిగి, గుండు కొట్టించుకుని, చందనం పూసుకున్న యాత్రికుల గుంపు వైపు పోయింది. వాళ్ళు ఫిరంగి తుంపరలో చేతులు చాచి, చాలా చల్లగా ఉందనీ, ఇలాంటి ఊరు భూలోకంలో లేదనీ, గోవిందా అనీ చెప్పారు. ఆ పిల్ల అదే నొక్కుకుంది. పోయినేడు ఇక్కడి గాలి ఎలా ఉందో వాళ్ళకేం తెలుసు పాపం.

చిన్నబ్బ మీట ఆపి, బండి దిగి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"నన్నూ అడగమ్మా."

జాహ్నవి ఎర్రటి మనిషిని చూసి మొదట జంకి, తరువాత మెడలోని గుర్తింపు కార్డు చూసి నవ్వింది. "మీరు స్టాఫ్ కదా అంకుల్. స్టాఫ్ అభిప్రాయం తీసుకోకూడదు, పబ్లిక్‌దే తీసుకోవాలి," అంది. మంచి పిల్లే. ఎండలో వగరుస్తున్నాడని తన నీళ్ళ సీసా చేతికిచ్చింది. వద్దంటే బాగుండదని ఒక గుక్క తాగాడు. అంతకాలం గాలి పీల్చడానికి పబ్లిక్ అయినవాడు, గాలి గురించి చెప్పడానికి కాకుండా పోయాడు.

అంతలో తెల్ల కారు వచ్చి బోర్డు కింద ఆగింది. ట్యాంకులో మిగిలిన నీళ్ళన్నీ ఒక్కసారిగా వదలమని మునికుమార్ సైగ చేశాడు. చిన్నబ్బ ఎక్కి వదిలాడు. తుంపరలో ఎండ పడి రంగులు లేచాయి. పెద్ద సారు కారు దిగి తల పైకెత్తి చూసి, బాగుంది బాగుంది అన్నాడు. ట్యాంకు గుటగుటమని ఆగిపోయింది. చిన్నబ్బ బండి దిగి, వేపమండ చేతికి తీసుకుని, సారుకు ఎదురుగా నడిచాడు. మునికుమార్ అడ్డం రాబోయి, వేషాన్ని చూసి తగ్గాడు. ఈ ఒక్కరోజు అతన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఊపిరి వచ్చింది. అమ్మ నిజంగానే ఇచ్చింది.

"రారా పాలెగాడా, నీ మొగాన మన్ను బొయ్య. మిషను కాడ నీళ్ళు సల్లి మనుషుల కాడ దుమ్ము బోస్తావా. గుట్ట కింద నా పెండ్లాము దగ్గతా ఉండాదిరా. నా దగ్గే దానికొచ్చిందిరా. నీ ఫిరంగి ఆ వీధికి యెందుకు రాదురా. నీ ఇంట పీనుగెళ్ళ."

ఆ తరువాతివి అచ్చులో వేసే మాటలు కావు. పాత గొంతు, పాత ధాటి. సర్కిలంతా ఆగిపోయింది. ఆటోలవాళ్ళు ఈలలు వేశారు. గుడి నుంచి అటుగా వస్తున్న పలకలవాళ్ళు ఉత్సాహంగా దరువు అందుకున్నారు. తిట్ల చిన్నబ్బకు మళ్ళీ గొంతు వచ్చిందిరా అని ఎవరో కేక వేశారు. శకుంతలమ్మ మాత్రం నవ్వలేదు.

మునికుమార్ ముఖం పాలిపోయి, అంతలోనే తెప్పరిల్లి, సారు చెవిలో జాతర ఆచారం గురించి గుసగుసగా చెప్పాడు. సారు నల్ల కళ్ళద్దాలు తీశాడు. రెండు చేతులూ జోడించి తల వంచాడు. అమ్మ నోటి తిట్టు దొరకడం తన అదృష్టమన్నాడు. చిన్నబ్బ చేతి కుంకుమ తీసుకుని తన నుదుట తనే పెట్టుకున్నాడు. ఎవరో ఫొటో తీశారు. బొట్టు పెట్టుకున్న మనిషి ముఖంలో ఎంత భక్తి ఉందంటే, అతను ఒక్క మాటైనా వినలేదని చిన్నబ్బకు అర్థమైపోయింది.

ఏ మాటైనా అనగలిగే రోజు ఏడాదికి ఒకటే. ఆ రోజు అన్న మాటకు అర్థం ఉండదు.

చిన్నబ్బ వేపమండ కింద వేశాడు. సారు చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, మామూలు రోజుల చిన్నబ్బలా, "సారూ, ఇది వేషం గాదు సారూ. నిజింగా సెప్తా ఉండా. మా వీధికి ఒక్క తూరి..." అన్నాడు.

ఊపిరి అక్కడితో అయిపోయింది. లోపలికి పీల్చబోతే గాలి రాలేదు. కళ్ళు పైకి తిరిగాయి. మోకాళ్ళు వంగాయి. తల అటూ ఇటూ ఊగింది. ఎముకలు తేలిన డొక్కలు ఎర్రగా ఎగిరెగిరి పడ్డాయి. వేరే ఊళ్ళో, వేరే రోజున అయితే ఎవరైనా ఆసుపత్రికి ఫోను చేసేవాళ్ళు. జాతరలో, బండవేషంలో ఒక మనిషి అలా ఊగితే దానికి ఒకటే అర్థం. అమ్మ పూనింది అని జనం చేతులెత్తారు. పలకలు జోరందుకున్నాయి. ఒకామె పసుపునీళ్ళు ముఖాన కొట్టింది. ఒకాయన పరుగెత్తుకెళ్ళి సాంబ్రాణి ధూపం తెచ్చి అతని ముక్కు కింద పెట్టాడు. ఇంకొకరు కర్పూరం వెలిగించారు. పొగ దట్టంగా లేచింది.

చిన్నబ్బ చెయ్యి ఎత్తి బండి వైపు చూపించాడు. మందు అక్కడుంది. అమ్మ బండిని చూపిస్తోందన్నారు. శకుంతలమ్మ గంపలోంచి ఒక మూర మల్లెపూలు లాక్కుపోయి ఫిరంగి మూతికి చుట్టారు.

ఊపిరాడక పెనుగులాడేవాడి చుట్టూ అంత భక్తి, అంత ప్రేమ. అందులో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు.

"ఈసారి మన ఊరికి గాలిలో మంచి ర్యాంకు వస్తాదా తల్లీ?" అని మునికుమార్ వంగి అడిగాడు. పూనిన మనిషిని ఏదో ఒకటి అడగాలి, అడిగితే పలుకుతుంది.

చిన్నబ్బ తల ముందుకు వాలింది.

వస్తుందంట అన్నారు. చప్పట్లు కొట్టారు.

క్యాబిన్లో ఇంజను నడుస్తూ ఉండగా ఫోను చూసుకుంటున్న గిరిప్రసాద్ అద్దంలో కర్పూరం మంట చూసి, అనుమానం వచ్చి, మందు గొట్టం తీసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గొట్టం నోట్లో పెట్టి నొక్కాడు. కానీ మందు పీల్చడానికి కూడా కాస్త ఊపిరి మిగిలి ఉండాలి. జాహ్నవి కాళ్ళు పట్టింది, గిరిప్రసాద్ భుజాలు పట్టాడు. జాతర జనంలో ఆంబులెన్సు వచ్చే దారి లేక, క్యాబిన్లో కూర్చోబెట్టుకుని ఆ బండినే ఆసుపత్రికి తోలారు. రెండో సిగ్నలు దగ్గర చిన్నబ్బ తల మెల్లగా గిరిప్రసాద్ భుజం మీద ఆనింది. నిద్రపోయాడేమో అనుకున్నాడు అతను. కొంచెం దూరం అలాగే, కదిలితే లేస్తాడేమోనని జాగ్రత్తగా నడిపాడు.

ఆసుపత్రిలో చెప్పాల్సింది చెప్పారు. మధ్యాహ్నం దాటాక గిరిప్రసాద్ అదే బండిని గుట్ట వైపు తిప్పాడు. రూటులో లేని దారి. మల్లెపూలు ఫిరంగి మూతికి ఇంకా వేలాడుతున్నాయి.

బండి చప్పుడు విని దేవకమ్మ వాకిట్లోకి పరుగెత్తి వచ్చింది. వీధి మొదట్లో బండిని చూసి ఆమె ముఖం వెలిగింది. పక్కింటి కుప్పమ్మతో, "సూడు, తెచ్చినాడు సూడు. తెస్తానని అన్న్యాడు," అంది. బండి దగ్గరికి వచ్చాక క్యాబిన్లోకి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది.

అతన్ని దించి చాప మీద పడుకోబెట్టాక, ఒక్క తూరి కొట్టప్పా, అది ఆయన కోరిక కదా అని వీధిలో ఎవరో గిరిప్రసాద్‌ను అడిగారు. అతను వెనక ఎక్కి, ఎర్రగా జిడ్డుగా ఉన్న మీట మీద చెయ్యి వేశాడు. ఫ్యాను గిరగిరా తిరిగింది. ట్యాంకులో చుక్క నీరు లేదు. ఆ వట్టి గాలికి వీధిలో దుమ్మంతా లేచి ఇళ్ళ కప్పుల మీద తిరిగింది. ముక్కులు మూసుకుని జనం పక్కకు జరిగారు. గిరిప్రసాద్ తడబడి ఆపేశాడు. అక్కడే, ఆ బండి మీదే కూర్చుని ఏడ్చాడు.

ఒంటికున్న కుంకుమ కడిగేటప్పుడు నీళ్ళు వాకిలి దాటి ఎర్రగా పారాయి. సాయంత్రం మనిషిని తీసుకుపోయారు. పలకలవాళ్ళందరూ జాతరలో ఉన్నారు కనుక ముందు వాయించేవాళ్ళు దొరకలేదు. క్రషర్ మాత్రం ఆగకుండా తిరిగింది. సర్కిల్లో బోర్డు మీద ఆ పూట అంకె పచ్చగా వెలిగిందని, గాలి బాగుందని రాసిందని గిరిప్రసాద్ ఎవరితోనో అన్నాడు. వాళ్ళు నిజమేనేమో అన్నారు.

చీకటి పడేముందు దేవకమ్మ గడప మీద కూర్చుంది. పొద్దున అతను దులిపి జంటగా పెట్టిన చెప్పులు పక్కనే ఉన్నాయి. బొటనవేలు, మడమ ఆని ఆని గుంటలు పడ్డ చోట ఇంకా కాస్త నలుపు కనబడుతోంది. ఆమె చూస్తుండగానే గుట్ట వైపు నుంచి గాలి వచ్చింది, చెప్పులు తెల్లబడ్డాయి.